తవి ఏటి ఒడ్డున రాత్రి వేట

హొగెనకల్లులో పరిసలు ఎక్కని తెలుగు కుటుంబం మా కృష్ణగిరి చుట్టుపట్ల ఉండదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, పిల్లలు పుట్టాక ఒకసారి, ఊరినుంచి బంధువులు దిగితే తప్పనిసరిగా మరొకసారి. మన పెద్దల మాటలో అది పుట్టి. కన్నడం వారికి హరిగోలు, తమిళంలో పరిసలు. వెదురు బద్దలతో అల్లి, వెనకటికి తోలూ, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా తొడిగిన గుండ్రటి బుట్ట. అది మన కావేరిమీదా తుంగభద్రమీదా తప్ప లోకంలో ఇంకెక్కడా లేదని మేము నలభై యేళ్ళుగా నమ్మి ఉన్నాము. 2023 జూలైలో వేల్సు దేశంలో, కైర్‌వర్దిన్ అనే ఊళ్ళో, ఒక మనిషి అటువంటి బుట్టను తాబేటి డిప్పలాగా వీపున వేసుకొని ఏటి గట్టు దిగుతూ కనబడేసరికి మా ఆవిడ “అయ్యో, మన పరిసలు!” అని పైకే అనేసింది. ఆ మనిషి వెనక్కి తిరిగి నవ్వి వెళ్ళిపోయాడు.

మేము వ్రాయబోయేది పుట్టిని గురించి కాదు, రాత్రిపూట చేపల వేటను గురించి. కాని ఆ పుట్టే మమ్మల్ని ఆ యేటి దగ్గర నిలబెట్టింది గనుక అక్కడినుంచి మొదలుపెట్టక తప్పింది కాదు.

మా తమ్ముడు ఆ ఊరి ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్నాడు. “అన్నా, ఒక్కసారి వచ్చి చూసి పొండి” అని మూడేళ్ళుగా పోరు. చివరికి టిక్కెట్లు వాడే కొని పంపాడు. మెట్రిక్ చదివి ఆఫీసులో ఫైళ్ళు రాసుకునే మాబోటివాళ్ళకు విదేశయాత్ర అంటే సెలవు మంజూరు కావడమే ఒక పెద్ద యాత్ర. అదంతా ఇక్కడెందుకు! మేమూ, మా ఆవిడా, పధ్నాలుగేళ్ళ మావాడూ వెళ్ళాము. మూడు వారాలు ఉన్నాము.

కైర్‌వర్దిన్ అంటే ఇంగ్లీషువారు కార్మార్థెన్ అనే ఊరు. అక్కడ ప్రతి బోర్డుమీదా పైన వెల్షు, కింద ఇంగ్లీషు. రెండు భాషల మధ్య పుట్టి పెరిగిన మాకు అది చూడగానే సొంత ఊరిలాగే అనిపించింది. రోడ్డుమీద మలుపు వచ్చినచోటల్లా తెల్లరంగుతో పెద్ద అక్షరాలు వేసి ఉంటాయి. వాటిని “అరవ్” అని చదవాలట. “ఇంతదూరం వచ్చినా అరవం వదల్లేదు!” అని మేము నవ్వాము. నెమ్మదిగా పొమ్మని ఆ మాటకు అర్థం. ఆ మూడు వారాలూ మావాడు మా ఆవిడ తొందరపెట్టినప్పుడల్లా “అమ్మా, అరవ్!” అనేవాడు.

ఊరి పక్కన పారే యేరు తవి. వేల్సు హద్దులు దాటకుండా పుట్టి అక్కడే సముద్రంలో కలిసే నదుల్లో అన్నిటికన్న పొడవైనది. అంతా కలిపి నూట ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. మన కావేరి వింటే నవ్వుకుంటుంది! అయితే నీరు మాత్రం తేట. నడుములోతు నీటిలో అడుగునున్న గులకరాళ్ళు లెక్కపెట్టవచ్చు. మా కథకు ఈ తేటదనమే మూలం.

ఆ నీటిలోకి ఎండాకాలంలో సముద్రంనుంచి ఒక చేప ఎక్కి వస్తుంది. వెల్షువారు దాన్ని స్యూయిన్ అంటారు. జాతికి అది యేటి ట్రౌటే. పిన్నవయసులో సముద్రానికి దిగి, అక్కడ తిని బలిసి, వెండిరంగు తెచ్చుకొని, గుడ్లు పెట్టడానికి పుట్టిన యేటికే తిరిగి వస్తుంది. పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపిల్ల అనుకోండి. సామన్ చేపలు చాలామటుకు ఒక పురిటితోనే సరి. స్యూయిన్ అలా కాదు, బతికి సముద్రానికి పోయి మళ్ళీ మళ్ళీ వస్తుంది. పెద్ద చేపలు చాలావరకు ఆడవే. ఒక్క పెద్దదాన్ని కూరకు తెచ్చామంటే ఇంకా ఎన్ని పురుళ్ళు పోతాయో లెక్క వేసుకోవలసిందే.

ఈ చేపకు భయం జాస్తి. పగటిపూట తేటనీటిలో మనిషి నీడ పడితే చాలు, చెట్లవేళ్ళ కిందకు దూరి కదలదు. చీకటి పడితేనే మడుగులోనుంచి పలుచటి నీటిలోకి వస్తుంది. అంచేత దాన్ని గాలంతో పట్టదలచినవాడు రాత్రే పోవాలి. వల వేసే పుట్టివాళ్ళదీ అదే రాత్రి. రెండు పుట్టులు పక్కపక్కన ప్రవాహానికి వదిలేసి, మధ్య వల పట్టుకొని దిగుతారు. వెలుతురుంటే చేప వలను చూసేస్తుంది. తండ్రి తరవాత కొడుకు పట్టే వృత్తి అది. ఇప్పుడు ఆ యేటిమీద లైసెన్సులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మేము చూసిన మనిషి ఆ కొద్దిమందిలో ఒకడేనని తమ్ముడు చెప్పాడు.

తమ్ముడి పొరుగింటాయన ఒక రిటైరైన పోస్టుమాన్. డెబ్బై దాటి ఉంటాయి. మావాడు పుట్టిని గురించి ఆయన్ను అడగడానికి పోయి, నాలుగు రోజులు తిరక్కుండానే శిష్యుడైపోయాడు. ఆయనది వల కాదు, ఈగ గాలం. పుట్టివాళ్ళంటే ఆయనకు పొసగదు. వాళ్ళ వల్లనే చేప తగ్గిందంటాడు. వాళ్ళు గాలంవాళ్ళ వల్లనంటారట. పాలపశువుల పేడనీరు పొలాలనుంచి యేట్లో కలవడం, నీళ్ళు వేడెక్కడం, సముద్రంలో ఏమవుతోందో తెలియకపోవడం, ఇవన్నీ తీరిగ్గా కూర్చున్నప్పుడు ఇరుపక్షాలవారూ ఒప్పుకుంటారు. ఈ తగాదా మాకు కొత్త కాదు. మన చెరువుకింద పైకారు రైతూ కిందకారు రైతూ చెప్పుకునేదే.

ఈగ గాలమంటే ఎర లేని గాలం. ముల్లుకు ఈకలూ వెంట్రుకలూ వెండిదారమూ చుట్టి పురుగులాగానో చిన్న చేపలాగానో కనిపించేట్టు చేస్తారు. దానికి బరువుండదు. బరువంతా తాటిదే. మనవాళ్ళు గాలం విసిరితే కొసనున్న సీసపుగుండు తాడును లాక్కుపోతుంది. ఇక్కడ తాడే వెనక్కూ ముందుకూ కొరడాలాగా ఆడి ఈగను మోసుకుపోతుంది. పగలు నేర్చుకోవడమే కష్టం. రాత్రి చేతికి కళ్ళుండాలి. రాత్రికి ఆయన వాడేది నల్లటి ఈగ. చీకట్లో నల్లదేమి కనపడుతుందని మేము అడిగితే, “చేప కిందనుంచి పైకి చూస్తుంది. దానికి ఆకాశం ఎప్పుడూ మనకన్న తెల్లగానే ఉంటుంది” అన్నాడు. మావాణ్ణి నాలుగు సాయంత్రాలు ఇంటి వెనక గడ్డిమీద నిలబెట్టి, ముల్లు లేకుండా ఉత్త దారంతో విసిరించాడు. కళ్ళు మూసుకొని విసరమన్నాడు.

ఇక నియమాల సంగతి. ఇది మా శాఖ కాబట్టి కాస్త నిదానిస్తాము. చదువరులు క్షమించాలి.

మావాడు కర్ర పట్టాలంటే సర్కారు లైసెన్సు కావాలి. పదమూడేళ్ళు నిండిన ప్రతివాడికీ ఉండవలసిందే. పదహారేళ్ళదాకా రుసుము మాత్రం లేదు. అది చాలదు. ఆ యేటిముక్క ఒక సంఘంవారిది, వారి టిక్కెట్టు వేరే. పోస్టుమానుగారు అతిథి టిక్కెట్టు తెచ్చిపెట్టాడు. దాని వెనకవైపు సన్నక్షరాలతో షరతులున్నాయి. వాటిని మొదటినుంచి చివరిదాకా చదివినవాళ్ళం ఆ యేడు మేమే అయివుంటామని ఆయన నవ్వాడు. ఇరవై యేళ్ళుగా ఇటువంటి సన్నక్షరాలు టైపు చేసేవాళ్ళము. మరొకరు టైపు చేసింది చదవకపోతే పాపం గదా! లైసెన్సు లేని మాకు ఆయన ముందే చెప్పాడు: “మీరు వచ్చి కూర్చోవచ్చు. కర్ర మాత్రం పట్టకండి.”

తరవాత తమ్ముడి కంప్యూటరులో అసలు చట్టాలే తెరిచి చూశాము. 1975 నాటి చేపల చట్టం ప్రకారం ఈటె, ఉచ్చు, కొక్కెపుకర్ర మొదలైనవాటి వరసలోనే దీపం కూడా నిషేధం. దీపం చూపి సామన్‌నుగాని ట్రౌట్‌నుగాని పట్టరాదు. దీపం పెడితే చేప స్తంభించి నిలబడుతుంది, అప్పుడు దాన్ని పట్టడం వేట కాదు, ఏరుకోవడం. అదే చట్టంలో ఇంకొక క్లాజు: సూర్యుడు కుంకిన గంట తరవాతనుంచి ఉదయించడానికి గంట ముందుదాకా అక్రమంగా చేప పట్టేవాణ్ణి నీటికాపరి వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. 1968 నాటి దొంగతనాల చట్టం ఇంకా తమాషాగా ఉంది. పరుల నీటిలో పగటిపూట గాలం వేస్తే తప్పు చిన్నది. అదే గాలం రాత్రి వేస్తే తప్పు పెద్దది. పగలంటే ఏమిటో కూడా వ్రాశారు: సూర్యోదయానికి గంట ముందు మొదలై సూర్యాస్తమయానికి గంట తరవాత ముగిసేది. ఈ పగలూ రాత్రీ తేడా 1861 నాటి చట్టంలోనే ఉంది.

మాకు అందులో న్యాయం కనపడింది. పగలు పరాయి చెరువులో గాలం వేసేవాడు అల్లరివాడు. రాత్రి వేసేవాడు దొంగ. కాని స్యూయిన్ విషయంలో చిక్కేమిటంటే, దొరకూ దొంగకూ ఒకటే వేళ. చీకట్లో గట్టుమీద కూర్చున్న ఇద్దరిలో ఎవరేమిటో ఆకారం చూసి చెప్పలేము. తేడా అంతా జేబులోని కాగితంలోనూ, చేప దొరికాక చేసే పనిలోనూ ఉంది. కొన్నిచోట్ల ఈ చిక్కే లేకుండా రాత్రివేట మొత్తం కట్టిపెట్టారు. అమెరికాలో యెల్లోస్టోన్ పార్కులో సూర్యోదయంనుంచి సూర్యాస్తమయందాకానే గాలం. గ్రేట్ స్మోకీ పర్వతాల పార్కులో అటొక అరగంట, ఇటొక అరగంట దయ చూపారు. స్కాట్లండులో రాత్రికి అభ్యంతరం లేదు గాని ఆదివారం సామన్‌మీదా ఈ సముద్రపు ట్రౌట్‌మీదా గాలం వేయరాదు. వేల్సులో రాత్రిని మిగిల్చారు. అది తీసేస్తే స్యూయిన్ వేటే ఉండదు.

2020లో వచ్చిన నియమాలు వేరే. వేల్సులో ఎవరు పట్టినా, గాలంతోగాని వలతోగాని, సామన్ చేపను ప్రాణంతో తిరిగి నీటిలో వదలాలి. పుట్టివాళ్ళ గుండెల్లో ఇది రాయి. తాతలనాటినుంచి తిన్న చేప వలలో పడినా చేజేతులా వదలాలి. పోస్టుమానుగారికీ ఇష్టం లేదు. “నా చిన్నప్పుడు మా అమ్మ ఆదివారం అదే వండేది” అని మాత్రం అన్నాడు.

ఇంతగా వ్రాస్తున్నామంటే మా ఇంటి కారణం ఒకటుంది. మా చిన్నమామది పెన్నాగరం వైపు. మేము తొమ్మిదేళ్ళవాళ్ళం ఉండగా ఒక వేసవి రాత్రి స్నేహితులతో కావేరికి పోయి, రాళ్ళు పగలగొట్టే మందుకు వత్తి ముట్టించి మడుగులో వేయబోతే చేతిలోనే పేలింది. కుడిచేతికి రెండు వేళ్ళు మిగిలాయి. మందుగుండుతోనూ విషంతోనూ చేపలు చంపకూడదని 1897లోనే మన దేశంలో చట్టం చేశారు. రెండు నెలల కైదుగాని రెండు వందల రూపాయల జరిమానాగాని అని అందులో వ్రాశారు. ఆ చట్టం చిన్నమామకు తెలియదు. తెలిసినా ఆగేవాడు కాదు. “రాత్రి కావేరిని ఎవడు చూస్తాడురా!” అనేవాడు. ఆసుపత్రిలో మాత్రం టపాకాయ అని చెప్పారు. అలా చెప్పడానికి వెళ్ళినవారిలో మా నాయన కూడా ఉన్నారు. సర్కారు ఉద్యోగి, అబద్ధమాడి ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇక ఆ రాత్రి. అక్కడ జూలైలో తొమ్మిదిన్నరకు గాని పొద్దు కుంకదు. అన్నాలు తిని ఎండలో నడిచి వెళ్ళాము. వెళ్ళేముందు మా ఆవిడ మిరియాలూ ధనియాలూ అల్లమూ వెల్లుల్లీ నూరి పెట్టింది. తమ్ముడి భార్య “అక్కా, చేప రానీ, అప్పుడు నూరుదాం” అంటే వినలేదు. వాడు తెస్తాడని ఆమె నమ్మకం. మేమూ లోలోపల నమ్మాము.

గట్టుకు చేరి గంటన్నర ఊరికే కూర్చున్నాము. చీకటి పడగానే పనికిరాదట. మొదటి చీకటిలో తొందరపడి నీటిలోకి దిగినవాడు చేపలను బెదరగొట్టి ఆ రాత్రంతా పాడుచేసుకుంటాడట. ఎదుటి గట్టున చెట్ల ఆకులు విడివిడిగా కనబడటం మానాలి, గడ్డిలో రంగు పోవాలి, అప్పుడు లేవాలి. ఈ రాత్రివేటను గురించి 1962లో హ్యూ ఫాల్కస్ అనే ఆయన ఒక పుస్తకం వ్రాశాడు. రెండవ యుద్ధంలో విమానం నడిపి జర్మనులకు ఖైదీగా చిక్కిన మనిషి. ఆ పుస్తకం ఈ వేటగాళ్ళకు పెద్దబాలశిక్షవంటిది. రాత్రిని ఆటలాగా మొదటి సగం, విరామం, రెండవ సగం అని ఆయన భాగించాడని పోస్టుమానుగారు చెప్పాడు. అర్ధరాత్రి దాటి చలి దిగితే చేప అడుగుకు పోతుంది. అప్పుడు లోతుగా వేయాలి.

పదిన్నర దాటింది. గబ్బిలాలు నీటిమీద తిరగసాగాయి. మాకు టైమెంతయిందో చూడాలని బుద్ధి పుట్టి సెల్‌ఫోను తీశాము. దాని వెలుగు తెల్లగా నీళ్ళమీద పడింది. మా ఎదురుగా మడుగులో ఏదో చప్పున మళ్ళిన శబ్దం. పోస్టుమానుగారు కోప్పడలేదు. మా చేతిమీద చెయ్యివేసి ఫోను బోర్లించాడు. “ఇంకొక అరగంట” అన్నాడు. మా వల్ల ముగ్గురమూ మరో అరగంట కూర్చున్నాము. దీపం నిషేధమని చట్టంలో చదివి వచ్చినవాళ్ళమే! చదవడం వేరు, ఆ చేప మళ్ళిన చప్పుడు వినడం వేరు.

అసలు చీకటిలో మాకు కనబడినది చాలా తక్కువ. వినబడినదే వ్రాయాలి. తాడు గాలిలో ఆడితే పట్టుచీర దులిపినట్టు చప్పుడు. నీరు రాళ్ళమీద జారే చప్పుడు. అవతల పొలంలో ఆవు దగ్గు. ఎక్కడో గుడ్లగూబ. మధ్యమధ్య మడుగులో బానలో బండరాయి వేసినట్టు ఒక పెద్ద మోత. చేప ఎగిరిందని అర్థం. ఆ మోత వింటే మన ఒళ్ళు మన స్వాధీనంలో ఉండదు. కర్ర పట్టకూడదని కాగితంలో వ్రాసి ఉన్న మాకే చేతులు దురదపెట్టాయి. “ఒక్కసారి, ఒకే ఒక్క విసురు, ఎవరు చూస్తారు” అని నోటిదాకా వచ్చింది. చిన్నమామ మాట అది. అది మా నోట్లోకి రావడం చూసి మేమే వెనక్కి తగ్గి గడ్డిలో కూర్చున్నాము.

మావాడు విసురుతున్నాడు. రెండుసార్లు చెట్టుకు తగిలించాడు. ఒకసారి తన టోపీకే తగిలించాడు. పన్నెండు దాటాక పోస్టుమానుగారు తనే ఒక విసురు వేసి, తాడు ఏటవాలుగా నీటిలో తిరుగుతుండగా కర్ర వాడి చేతికిచ్చాడు. “ఏమీ చెయ్యకు. ఊరికే పట్టుకో.” అంతే, రీలు కీచుమంది.

పావుగంటో ఇరవై నిమిషాలో మాకు తెలియదు. వాడు నడుములోతు నీటిలో, ఆయన వాడి చొక్కా వెనకపట్టు పట్టుకొని. చేప దిగువకు పోతుంది, ఆగుతుంది, ఎక్కడో ఎగురుతుంది, మాకు చప్పుడే. “నాన్నా, బరువు! నాన్నా!” అని వాడు తెలుగులో అరుస్తుంటే, “నెమ్మది, నెమ్మది” అని ఆయన ఇంగ్లీషులో, గట్టుమీదనుంచి మేము “అరవ్, అరవ్!” అని వెల్షులో. మూడు భాషలూ అయిపోయాక చేప పక్కకు ఒరిగి ఒడ్డు పలుచటి నీటిలోకి వచ్చింది.

ఆయన దీపం వేయలేదు. చెయ్యి నీటిలో పెట్టి, చేప తోక మొదలు పట్టుకొని ఒక క్షణం ఆగాడు. స్యూయిన్ తోక మొదలు లావు, కొస చతురం. చేత పట్టితే సబ్బులాగా జారిపోతుంది. సామన్ తోక మొదలు సన్నం, చేతి మణికట్టులాగా ఉండి, పైన తోక విచ్చుకొని ఉంటుంది. పట్టు నిలుస్తుంది. ఆ రాత్రి పట్టు నిలిచింది. “సామన్” అన్నాడు. మా వాడి చెయ్యి కూడా తీసుకొని అక్కడ పెట్టించాడు.

మావాడికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, “నాన్నా, ఇక్కడెవరూ లేరు” అన్నాడు. తెలుగులోనే అన్నాడు, ఆయనకు తెలియకూడదని. చేప పది పన్నెండు పౌన్లు ఉంటుందట. మేము జవాబు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో మా కళ్ళముందు కనబడినది చట్టం కాదు, ఇంట్లో నూరిపెట్టిన మసాలా. ఇంత చేపతో నడిచి వెళ్తే మా ఆవిడ మొహం ఎలా ఉంటుందో అది. ఆయన మా సంభాషణ ఏమిటని అడగలేదు. అడగనక్కరలేదేమో, ఆ మాట ఏ భాషలోనైనా ఒకే గొంతుతో వస్తుంది. ముల్లుకు వెనక కొక్కెం ముందే నొక్కివేసి ఉంచాడు గనుక అది సులువుగా ఊడి వచ్చింది. తరవాత వాడితోనే చేపను ప్రవాహానికి ఎదురుగా తల ఉండేట్టు రెండు చేతులా పట్టించాడు. నీళ్ళలోనుంచి పైకెత్తనివ్వలేదు. చేప ఊపిరి తీసుకొంటూ ఉంది. వాడు ఏడుస్తూ ఉన్నాడు. చాలాసేపు అలాగే ఉన్నారు. ఒకసారి తోక ఆడింది, వాడి మోచేతులదాకా నీళ్ళు చిమ్మాయి. అంతే.

ఆ తరవాత పొగమంచు లేచింది. మంచు లేస్తే ఇక చేప ఈగను ముట్టదని ఆయన తాడు చుట్టేశాడు. తిరిగి వస్తుంటే బాటమీద ఒకచోట ఆగి, మావాడితో, “మా నాన్న దాన్ని ఇంటికి తెచ్చేవాడు. నేను కూడా తెచ్చాను, నీ వయసులో. అప్పుడు తప్పు కాదు” అన్నాడు. వాడేమీ అనలేదు.

మర్నాడు నూరిన మసాలా వృథా పోకూడదని తమ్ముడు అంగడినుంచి చేప తెచ్చాడు. పొట్లాంమీద చూస్తే అదీ సామనే. స్కాట్లండు సముద్రంలో వలపంజరాలు కట్టి పెంచిన సామన్. పోస్టుమానుగారిని భోజనానికి పిలిచాము. రెండుసార్లు వడ్డించుకున్నాడు. మిరియం ఎక్కువై కళ్ళు తుడుచుకుంటూ, “ఇంత కారంలో ఇది పంజరపు చేపో యేటి చేపో దేవుడికే తెలియాలి” అన్నాడు. మావాడు మాత్రం ముట్టలేదు. వాడికి ఆ రోజు అలక.

ఊరికి వచ్చాక ఒక ఆదివారం పెన్నాగరం వెళ్ళాము. చిన్నమామకు ఇప్పుడు అరవై దాటాయి. హొగెనకల్లులో వేయించిన చేపలమ్మే చిన్న కొట్టు ఆయనది, మా అత్త చూసుకుంటుంది. మావాడు ఆ రాత్రి కథంతా చెప్పాడు. చేప బరువు పన్నెండునుంచి పదిహేను పౌన్లకు పెరిగింది, పోనిమ్మన్నాము. చిన్నమామ విని చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “వదిలినాక అది బతికిందా?” అని అడిగాడు.

“కనబడలేదు తాతా, చీకటి” అన్నాడు మావాడు.

“మేము వేసిన రాత్రులు మాకు చేపలు కనబడేవిరా, తెల్లగా తేలేవి. పిల్లలూ పెద్దవీ అన్నీ. పెద్దవి ఏరుకొని మిగిలినవి వదిలి వచ్చేవాళ్ళం” అన్నాడు చిన్నమామ. తరవాత కుడిచెయ్యి ముందుకు చాపి, “ఆయన తోక ఎట్లా పట్టుకున్నాడు? చూపించు” అన్నాడు. మావాడు ఆ రెండువేళ్ళ చేతిని మణికట్టు దగ్గర పట్టుకొని చూపించాడు. అత్త లోపలినుంచి చేపలు చల్లారిపోతున్నాయని పిలిచింది.